నీళ్ళ పరీక్ష ప్రాజెక్టు: స్ట్రిప్పా, చుక్కల కిట్టా, కాలేజీ ల్యాబా, బయటి ల్యాబా?

దసరా సెలవులు అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువగా కేఆర్ పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచే. "మేడమ్, మా అబ్బాయికి నీళ్ళ మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఈడీటీఏ, అమ్మోనియా, సిల్వర్ నైట్రేట్ అని లిస్టు రాసుకున్నాడు. బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి?" నేను పీయూ (మన ఇంటర్) కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మాది అనంతపురం వైపు. అందుకే ఎవరో ఒకరు నా నంబర్ ఇస్తుంటారు. ఎక్కడ దొరుకుతాయో చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను: "ఆ నీళ్ళ గురించి బాబు ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడు?" చాలాసార్లు అవతల కాసేపు మాట ఉండదు. లిస్టు వీడియో చూసి రాసుకున్నది, ప్రశ్న ఇంకా పుట్టలేదు.

ప్రశ్న తేలితే పదిలో ఏడెనిమిది ప్రాజెక్టులకి సీసాల్లో కెమికల్స్ కొనాల్సిన పనే ఉండదు. కొనాల్సినవాళ్ళు ఏది, ఎలా, ఎవరి పేరు మీద కొనాలో కూడా చెప్తాను.

ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, ఎంత ఖచ్చితంగా తెలియాలి? "మా బోరు నీళ్ళు కావేరి నీళ్ళకన్నా గట్టివా?" అన్నదానికి పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడమే సగం జవాబు. దానికి రంగు మారే కాగితం స్ట్రిప్ చాలు. "మా బోరు నీళ్ళు ఐఎస్ 10500 హద్దులో ఉన్నాయా?" అంటే అంకె కావాలి. ఐఎస్ 10500 అంటే తాగే నీళ్ళకి భారత ప్రమాణం. అందులో మొత్తం కఠినత్వానికి, అంటే నీళ్ళ గట్టిదనానికి, రెండు హద్దులున్నాయి. లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా అంగీకరించదగ్గది. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా అనుమతిస్తారు. టీడీఎస్‌కి, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తానికి, 500, 2000. నైట్రేట్‌కి మాత్రం 45 ఒక్కటే, దాని మీద సడలింపు లేదు.

రెండోది, ఎక్కడ చేస్తారు? అపార్ట్‌మెంట్ వంటగదిలో ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉండదు. పరీక్ష చేసే గట్టు మీదే సాయంత్రం చపాతీ పిండి కలుపుతాం. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, పనికి వచ్చే అక్క ఆ సీసాలు సర్దుతుందా అన్నది కూడా ఇందులో భాగమే.

మూడోది, మిగిలింది ఏం చేస్తారు? దీన్ని ఎవరూ అడగరు. కఠినత్వం టైట్రేషన్‌కి, అంటే రంగు మారేదాకా ద్రావణం కొద్దికొద్దిగా వేసి కొలిచే పరీక్షకి, 0.01 మోలార్ గాఢతలో ఈడీటీఏ ద్రావణం కావాలి. లీటరుకు 3.72 గ్రాములు పడుతుంది. కొన్నది వంద గ్రాముల డబ్బా అయితే పరీక్ష అయ్యాక 96 గ్రాములు ఇంట్లో మిగులుతుంది. ఈడీటీఏ కాబట్టి పెద్ద భయం లేదు. అదే పొటాషియం క్రోమేట్ అయితే క్యాన్సర్ కలిగించే పదార్థం బట్టల అలమరాలో ఏళ్ళ తరబడి ఉంటుంది.

నాలుగోది శాంపిల్స్ ఎన్ని, ఐదోది పక్కన నిలబడే పెద్దవాళ్ళు ఎవరు. ఈ ఐదోదానికి జవాబు లేకపోతే స్ట్రిప్ దాటి వెళ్ళొద్దు.

స్ట్రిప్స్, టీడీఎస్ మీటర్

స్ట్రిప్‌ని నీళ్ళలో ముంచి, తీసి, రంగు పోల్చడమే. ఒలికేది లేదు, మిగిలేది లేదు. పీహెచ్, కఠినత్వం, నైట్రేట్, క్లోరిన్ అన్నీ ఒకే కాగితం మీద వస్తాయి. లోపం ఏమిటంటే రంగుల మధ్య దూరం ఎక్కువ. వాడుకలో ఉన్న ఒక రకం కఠినత్వం స్ట్రిప్‌లో 120 తర్వాత గడి 250, దాని తర్వాత 425. మీ నీళ్ళు 300 అయితే అది చెప్పలేదు. డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలం తేమకే స్ట్రిప్స్ పాడవుతాయి. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి.

టీడీఎస్ మీటర్ గురించి ఒక మాట. అది నీళ్ళ విద్యుద్వాహకత కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి టీడీఎస్‌గా చూపిస్తుంది. బ్యాక్టీరియా, ఫ్లోరైడ్ దానికి తెలియవు. ఇంటికొచ్చి రెండు కడ్డీలు ముంచి నీళ్ళు గోధుమరంగులోకి తిప్పి చూపించేవాళ్ళు ఉన్నారు. ఆ రంగు చాలావరకు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. మీ పిల్లలు ప్రాజెక్టులో దాన్ని నీటి కాలుష్యానికి సాక్ష్యంగా పెట్టబోతుంటే ఆపండి.

చుక్కల కిట్

నాకు బాగా నచ్చేది ఇదే. అక్వేరియం షాపుల్లో దొరికే కఠినత్వం కిట్‌లో 5 మిల్లీలీటర్ల నీళ్ళలో చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెడతాం. చాలా కిట్లలో ఒక్కో చుక్క ఒక జర్మన్ డిగ్రీ, అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాములు. పదకొండు చుక్కలంటే దాదాపు 197. స్ట్రిప్ కన్నా చాలా మెరుగు. పైగా ఇది చిన్న టైట్రేషనే, పిల్లలకి పద్ధతి అర్థమవుతుంది. బోరు నీళ్ళకి ముప్పై చుక్కలు దాటిపోతే సగం శాంపిల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి వచ్చినదాన్ని రెండుతో హెచ్చించండి.

డిస్టిల్డ్ వాటర్ కోసం బ్యాటరీ షాపుకి వెళ్తారు కదా, అక్కడ జాగ్రత్త. అదే అరలో బ్యాటరీ ఆసిడ్ కూడా పెడతారు. అది సల్ఫ్యూరిక్ ఆసిడ్. "బ్యాటరీకి పోసేది ఇవ్వండి" అనకుండా "డిస్టిల్డ్ వాటర్" అని అడగండి, లేబుల్ చదివి తీసుకోండి. పిల్లలని ఒంటరిగా పంపొద్దు.

చుక్కల కిట్ అంటే పూర్తిగా ప్రమాదం లేనిదని కూడా అనుకోవద్దు. ఫాస్ఫేట్, నైట్రేట్ కిట్లలో ఒక సీసాలో ఆసిడ్ ఉంటుంది. అమోనియా కిట్లలో సోడియం హైడ్రాక్సైడ్, లేదంటే పాత పద్ధతిదైతే పాదరసం ఉన్న నెస్లర్ ద్రావణం ఉంటుంది. పాదరసం ఉన్నది కొనకండి, శాలిసిలేట్ పద్ధతిది అడగండి. క్లోరిన్ కిట్ కొనేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. పసుపు రంగు వచ్చేది ఆర్థోటోలిడిన్, ఆరోగ్యానికి అనుమానం ఉన్న పదార్థం. గులాబీ రంగు వచ్చే డీపీడీ బిళ్ళల కిట్ తీసుకోండి.

కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్

విడిగా కొన్న కెమికల్స్‌కి చోటు ఇదొక్కటే. ఇంట్లో వద్దని ఎందుకింత గట్టిగా చెప్తున్నానో నా అనుభవం విన్నాక మీకే తెలుస్తుంది.

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో మా చెల్లెలి కొడుకు ప్రాజెక్టు కోసం అరలీటరు లికర్ అమ్మోనియా (గాఢ అమ్మోనియా ద్రావణం) తెచ్చాం. పీహెచ్‌ని 10 దగ్గరే నిలిపి ఉంచే బఫర్ ద్రావణం కలపడానికి. సీసా మధ్యాహ్నమంతా స్కూటర్ డిక్కీలో ఎండకి ఉంది. ఇంటికొచ్చి వంటగదిలో మూత తిప్పగానే లోపల పేరుకున్న ఆవిరి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. నాకు ఊపిరి ఆడలేదు. పక్కనున్న పిల్లవాడి కళ్ళు తెరుచుకోలేదు. కుళాయి కింద పదిహేను నిమిషాలు కళ్ళు కడిగించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దేవుడి దయవల్ల చూపుకి ఏమీ కాలేదు. పదిహేనేళ్ళు ల్యాబ్‌లో చేసిన పనే అది. ల్యాబ్‌లో సీసా చల్లగా ఉంటుంది, హుడ్ కింద తెరుస్తాం, గాగుల్స్ పెట్టుకుంటాం. ఇంట్లో ఆ మూడూ లేవు. ఆ రోజు చెల్లెలి ముఖం చూడలేకపోయాను.

ల్యాబ్‌లో అయితే కఠినత్వం టైట్రేషన్ ముచ్చటైన పని. 50 మిల్లీలీటర్ల శాంపిల్, ఒక మిల్లీలీటరు బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్, అంటే రంగు మారి చూపించే పొడి. ద్రాక్షరంగు నీలంగా మారేదాకా ఈడీటీఏ. పట్టిన మిల్లీలీటర్లని 20తో హెచ్చిస్తే లీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ఇండికేటర్‌ని ద్రావణంగా చేస్తే కొద్ది రోజుల్లో పాడవుతుంది. ఉప్పుతో కలిపి నూరిన పొడిగా అడగండి, నిలవ ఉంటుంది.

క్లోరైడ్ కోసం సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ కూడా ల్యాబ్‌లోనే. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్ల మచ్చ రోజుల తరబడి పోదు, కంట్లో పడితే ప్రమాదం. దాని ఇండికేటరే ఇందాక చెప్పిన పొటాషియం క్రోమేట్. వాడిన ద్రావణం సింకులో పోయకూడదు, వెండి, క్రోమియం వ్యర్థాల డబ్బాలో పోయాలి.

చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలవాలని చాలామందికి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువు మీద మంట లేచినప్పటినుంచి ఈ కోరిక ఇంకా పెరిగింది, మంచిదే. ఆ ఆక్సిజన్ కొలిచే వింక్లర్ టైట్రేషన్ పద్ధతిలో వాడే ద్రావణాల్లో సోడియం అజైడ్ ఉంటుంది, గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఉంటుంది. అజైడ్ చాలా విషం. ఆసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది, రాగి, సీసం పైపుల్లో పేలే స్వభావమున్న లవణాలు ఏర్పడతాయి. లెక్చరర్ చేసి చూపించాలి, విద్యార్థి అంకెలు రాసుకోవాలి. కాలేజీలో ఆక్సిజన్ మీటర్ ఉంటే ఇంకా మేలు. చెరువు మీది నురగకి కారణం తేల్చే డిటర్జెంట్ పరీక్షలో క్లోరోఫాం వాడతారు, దాని జోలికి వెళ్ళొద్దు.

బయటి ల్యాబ్

ఖర్చు ఎక్కువ, చేతితో చేసిన తృప్తి ఉండదు. కానీ కొన్నిటికి వేరే దారి లేదు. నీళ్ళలోని సేంద్రియ కాలుష్యం కొలిచే సీఓడీ పరీక్షలో పాదరసం, డైక్రోమేట్, మరిగే సల్ఫ్యూరిక్ ఆసిడ్ మూడూ ఉంటాయి. ఆర్సెనిక్ కిట్‌లో ఆర్సీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టించి కొలుస్తారు. ఇవి పిల్లల పనులు కావు. ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. మీకు కావలసిన పరీక్షకి ఉందా అని అడగండి, గుర్తింపు పరీక్షల వారీగా ఉంటుంది.

ఒక్కో అంశానికి నా సలహా ఇది:

| తెలుసుకోవాలనుకున్నది | ఇంట్లో | కాలేజీ ల్యాబ్‌లో | బయటి ల్యాబ్‌కి |
|---|---|---|---|
| పీహెచ్ | స్ట్రిప్ | మీటర్ | అక్కర్లేదు |
| టీడీఎస్ | మీటర్ | మీటర్ | అక్కర్లేదు |
| కఠినత్వం | చుక్కల కిట్ | ఈడీటీఏ టైట్రేషన్ | సరిచూసుకోవడానికి ఒక్క శాంపిల్ |
| మిగులు క్లోరిన్ | డీపీడీ కిట్, కుళాయి దగ్గరే | వద్దు, ఆలోపే తగ్గిపోతుంది | వద్దు |
| క్లోరైడ్ | స్ట్రిప్ | సిల్వర్ నైట్రేట్ | అంకె ఖచ్చితంగా కావాలంటే |
| నైట్రేట్ | స్ట్రిప్ | కిట్ | 45కి దగ్గరగా వస్తే |
| ఫ్లోరైడ్ | వద్దు | కిట్, లెక్చరర్‌తో | ఇదే మేలు |
| కరిగిన ఆక్సిజన్ | వద్దు | మీటర్, లేదా లెక్చరర్ చేతుల మీదుగా వింక్లర్ | శాంపిల్‌ని ఒడ్డునే ద్రావణాలు కలిపి స్థిరపరిస్తేనే |
| మల కాలుష్యం | పెద్దవాళ్ళతో హైడ్రోజన్ సల్ఫైడ్ వయల్ | అదే | నిర్ధారణకి |
| సీఓడీ, ఆర్సెనిక్, సీసం | వద్దు | వద్దు | ఇదొక్కటే |

హైడ్రోజన్ సల్ఫైడ్ వయల్ గురించి కొంచెం. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి ఇది, మన దేశంలో పుట్టింది. నీళ్ళు పోసి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే మల కాలుష్యం ఉన్నచోట నల్లబడుతుంది. నల్లబడిన సీసా నిండా బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. మూత తీయకుండా ఫోటో తీసుకోండి. తర్వాత పెద్దవాళ్ళు గ్లవ్స్ వేసుకుని, కిట్‌లో రాసినట్టు బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఉంచి పారబోయాలి. బాత్రూం కడిగే ఆసిడ్ అందులో పోస్తే విషవాయువు వస్తుంది, అది చేయొద్దు. ఇంకో విషయం, అదే సింకులో అమ్మోనియా బఫర్ కూడా పోయకూడదు. బ్లీచింగ్, అమ్మోనియా కలిస్తే క్లోరమీన్ ఆవిరి వస్తుంది. బ్లీచింగ్, ఆసిడ్ కలిస్తే క్లోరిన్. రెండు పరీక్షలూ ఒకే రోజు పెట్టుకున్న పిల్లలకి ఇది ముందే చెప్పాలి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి స్ట్రిప్స్, పసుపు పూసిన కాగితం, మందార పూల రసం, సబ్బు నురగ. అంతే. మందార రసం ఆసిడ్‌లో ఎర్రబడి క్షారంలో ఆకుపచ్చగా మారడం చూసిన పిల్లలు పీహెచ్‌ని జన్మలో మర్చిపోరు.

పది, పీయూ పిల్లలకి నేను తరచూ ఇచ్చే ప్రాజెక్టు ఒకటుంది. కావేరి నీళ్ళు బెంగళూరుకి దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో వస్తాయి, క్లోరిన్ కలిపి. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలయ్యాక శివారు ఊళ్ళలో కూడా చాలా ఇళ్ళకి కావేరి, బోరు, ట్యాంకర్ మూడూ ఉన్నాయి. డీపీడీ కిట్ తీసుకుని, కావేరి లైన్ దగ్గర, సంపులో, మేడ మీది ట్యాంకు కుళాయిలో వారం రోజులు మిగులు క్లోరిన్ కొలవండి. ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. సంపులో నిలవ ఉన్నకొద్దీ అది ఎలా తగ్గుతుందో పిల్లలు తమ ఇంట్లోనే చూస్తారు. ప్రమాదకరమైన సీసా ఒక్కటి లేదు, జడ్జిలు అడిగే ప్రశ్నలకి జవాబు ఉంటుంది.

బీఎస్సీ, ఇంజినీరింగ్ వాళ్ళకి నా సలహా: ఇరవై శాంపిల్స్ కిట్‌తో చేసి, అందులో నాలుగు కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసి, రెండు బయటి ల్యాబ్‌కి పంపండి. మూడు అంకెల మధ్య తేడా ఎందుకొచ్చిందో రాయడమే మంచి రిపోర్టు. అన్నీ బయటికే పంపినవాళ్ళకి వైవాలో చెప్పడానికి ఏమీ మిగలదు.

సొంతూరి నీళ్ళని ఇక్కడి నీళ్ళతో పోల్చాలనుకునేవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. మా అనంతపురం వైపు, పక్కనున్న కోలారు, చిక్కబళ్ళాపురం వైపు బోర్లలో ఫ్లోరైడ్ సమస్య. నల్లగొండ పేరు మీద ఫ్లోరైడ్ తీసేసే పద్ధతే ఉంది, పటిక, సున్నం వాడి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందించింది. ఫ్లోరైడ్ రుచికి, రంగుకి, టీడీఎస్ మీటర్‌కి దొరకదు. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, సడలింపుతో 1.5. తేడా అంత సన్నం కాబట్టి స్ట్రిప్‌తో తీర్పు చెప్పకండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెచ్చి ల్యాబ్‌కి ఇవ్వండి, గాజు సీసా వద్దు. బ్యాక్టీరియా పరీక్షకైతే సీసా ల్యాబ్‌వాళ్ళ దగ్గరే తీసుకుని, ఐస్ డబ్బాలో 24 గంటల లోపు చేర్చాలి. ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చి ఆదివారం దిగితే ల్యాబ్ మూసి ఉంటుంది, ఆ లెక్క ముందే చూసుకోండి.

చెరువు దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు. ఒడ్డు నుంచి తాడు కట్టిన బకెట్‌తో తీయండి, నీళ్ళలోకి దిగకండి.

కొనాల్సి వస్తే

కాలేజీ లెటర్‌హెడ్ మీద, లెక్చరర్ సంతకంతో, కాలేజీ అడ్రస్‌కే తెప్పించండి. ల్యాబ్ సప్లయర్లు సాధారణంగా సంస్థలకే ఇష్టంగా అమ్ముతారు, అది మంచి పద్ధతి. ఆసిడ్ విషయంలో చట్టమే ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మకూడదు, కొనేవాళ్ళ గుర్తింపు కార్డు, అడ్రస్, ఎందుకన్నది షాపువాళ్ళు రాసుకోవాలి. విద్యాసంస్థలు కూడా ఆసిడ్ వాడకానికి రిజిస్టర్ పెట్టాలి. ఎవరైనా అడగకుండా ఇచ్చేస్తే అక్కడ కొనకండి. హార్డ్‌వేర్ షాపులో బాత్రూం కోసం అమ్మే ఆసిడ్ ప్రాజెక్టుకి పనికిరాదు. దాని గాఢత ఎంతో తెలియదు, అందులో ఇనుము కూడా ఉంటుంది.

అడిగేటప్పుడు కెమికల్ పూర్తి పేరు, గ్రేడ్, పరిమాణం రాసివ్వండి. ఈడీటీఏ ఏఆర్ గ్రేడ్ (ఎక్కువ శుద్ధమైనది) తీసుకోండి, ఇండికేటర్‌కి ఎల్ఆర్ (మామూలు ల్యాబ్ గ్రేడ్) చాలు. అన్నిటికన్నా చిన్న ప్యాక్ అడగండి. వీలైతే పొడి కాకుండా తయారు చేసిన 0.01 మోలార్ ద్రావణం, తయారు చేసిన బఫర్ కొనండి. ఖర్చు కాస్త ఎక్కువైనా అమ్మోనియా సీసా తెరిచే పని తప్పుతుంది. ప్రతిదానితో సేఫ్టీ డేటా షీట్ అడిగి, కొనక ముందే పిల్లల చేత చదివించండి. సిటీ బస్సులో, మెట్రోలో, రైల్లో వీటిని పట్టుకెళ్ళకండి.

ఇంట్లో ఏ కిట్ ఉన్నా

గాగుల్స్, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, పవర్ కళ్ళద్దాలు గాగుల్స్ లెక్కలోకి రావు. వంటగది గట్టు మీద కాకుండా బాల్కనీలో ట్రే వేసుకుని చేయండి. ఏ ద్రావణాన్నీ తాగే నీళ్ళ సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చొద్దు. ఇంట్లో జరిగే విషప్రమాదాల్లో ఇది పాత కథ. లేబుల్ తెలుగులో, కన్నడలో రెండింటిలోనూ రాయండి, పనికి వచ్చే అక్కకి, వాచ్‌మన్‌కి అర్థమవ్వాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్ళు, మింగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, సీసా పట్టుకుని ఆస్పత్రికి.

ప్రాజెక్టు ఇచ్చేసిన మర్నాడే మిగిలిన సీసాలన్నీ ఒక ట్రేలో నిలబెట్టి కాలేజీ ల్యాబ్‌కి తెచ్చివ్వండి. మా కాలేజీ ల్యాబ్‌లో కిటికీ పక్కన ఒక అర దానికోసమే ఖాళీగా పెట్టాను. మీ కాలేజీలో లేకపోతే మీ లెక్చరర్‌ని అడగండి, ఒక అర ఇమ్మంటే ఎవరూ కాదనరు.